రష్యా వాడి కోసం రష్యాకే వెళ్ళిన అబ్బాస్ సాహెబ్

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ వైపు సాయంత్రం పూట నడిచే వారికి ఇది తెలిసిన సంగతే. చాయ్ దుకాణంలో ఒక బల్ల దగ్గర యెమెన్ యువకుల అరబీ వినిపిస్తుంది. పక్క బల్ల దగ్గర సూడాన్ వారి అరబీ. అది కొంచెం వేరే యాస. ఇంకాస్త అవతల ఫార్సీ. వీరంతా చదువుల కోసం ఉస్మానియాకు వచ్చినవారు. క్యాంపస్‌ను ఆనుకునే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధనా సంస్థగా మొదలైన ఆ చోట ఇప్పుడు మన పిల్లలు అరబీ, రష్యన్, చైనా భాషలు కూడా నేర్చుకుంటున్నారు. అంటే ఒకటి రెండు కిలోమీటర్ల లోపలే సగం ప్రపంచం మాట్లాడుతూ దొరుకుతుంది.

మన సినిమా వారికి మాత్రం దీని అవసరం పడదు. పాట కోసం స్విట్జర్లాండ్ దాకా వెళ్తారు. ఆ దేశపు మనిషి తెర మీద నోరు విప్పడు. కథానాయిక వెనక గెంతుతాడు, లేదా దారిన పోతూ కెమెరా వైపు వింతగా చూస్తాడు. అరబ్బు షేకు పాత్ర కావలసి వస్తే ఇక్కడి నటుడికే పొడుగు చొక్కా తొడిగి, గడ్డం అతికించి, అర్థం లేని నాలుగు శబ్దాలు పలికిస్తారు. హాలంతా నవ్వుతుంది. అరబీ వచ్చినవాడొక్కడే నవ్వడు.

పరాయి దేశపు కథ చెప్పాలంటే ఆ దేశానికి వెళ్ళాలి, ఆ నేల మనిషినే నిలబెట్టాలి అనే పట్టుదలను డెబ్బై ఏళ్ళ కిందటే చేసి చూపిన వ్యక్తి ఖ్వాజా అహ్మద్ అబ్బాస్. ‘ఆవారా’ రచయితగానో, అమితాబ్ బచ్చన్‌కు తొలి అవకాశం ఇచ్చిన దర్శకుడిగానో ఆయన పేరు మన ఇళ్ళలో పరిచితమే.

అబ్బాస్ 1914 జూన్ 7న పానిపట్టులో జన్మించారు. ఉర్దూ సాహిత్యంలో ‘ముసద్దస్’తో కొత్త దారి వేసిన మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీకి ఆయన మునిమనుమడు. హాలీ అదే ఏడాది డిసెంబరు చివరి రోజున కన్నుమూశారు. ముత్తాత పేరిట వెలసిన హాలీ ముస్లిం హైస్కూలులో చదివి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం నుంచి 1933లో బి.ఏ., 1935లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. వకీలు కావలసినవాడు విలేకరి అయ్యారు. బొంబాయి చేరి ‘బాంబే క్రానికల్’లో పని చేస్తూ 1935లోనే వారం వారం ‘లాస్ట్ పేజ్’ అనే శీర్షిక ప్రారంభించారు. అది 1947లో ‘బ్లిట్జ్’కు మారి, ఆయన చనిపోయేదాకా, 52 ఏళ్ళ పాటు నడిచింది. ‘బ్లిట్జ్’ ఉర్దూ పత్రికలో అదే ‘ఆజాద్ కలం’.

1938లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఓడ ఎక్కి తూర్పు దిక్కుగా బయలుదేరి ప్రపంచం చుట్టి వచ్చారు. చైనా, జపాన్, అమెరికా, ఐరోపా అన్నీ కళ్ళారా చూసి మరుసటి ఏడాది పుస్తకం అచ్చు వేశారు. సినిమా విమర్శకుడిగా కలం పట్టినవాడు 1941లో ‘నయా సంసార్’ కథతో తానే సినిమా వాడయ్యారు. చూడని దేశం గురించి రాయకూడదనే అలవాటు ఆ విలేకరి రోజుల్లోనే అబ్బింది.

అయితే అబ్బాస్ చేతుల మీదుగా వచ్చిన మొదటి విదేశీ కథకు ఆ భాగ్యం దక్కలేదు. షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో అయిదుగురు వైద్యుల బృందంలో ఒకరుగా చైనా వెళ్ళారు. జపాను సేనలతో పోరాడుతున్న చైనా సైనికులకు చికిత్స చేస్తూ, అక్కడి నర్సు గువో చింగ్లాన్‌ను పెళ్ళాడి, 1942 డిసెంబరులో 32 ఏళ్ళకే ఆ నేల మీదే మరణించారు. ఆయన మీద అబ్బాస్ ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశారు. దాన్నే వి.శాంతారాం 1946లో ‘డాక్టర్ కోట్నీస్ కీ అమర్ కహానీ’గా తీశారు. శాంతారామే కోట్నీస్, ఆయన భార్య జయశ్రీ చైనా వనిత. చైనా పల్లెలు బొంబాయి స్టూడియోలో లేచాయి. చైనా సైనికులు మన వాళ్ళే, కనుకొసలు సాగదీసినట్టు రంగు పూసుకున్నవారే. నిజమైన చింగ్లాన్ చైనాలో బతికే ఉన్నారు, 2012 దాకా జీవించారు కూడా. యుద్ధం అప్పుడే ముగిసింది, చైనాలో అంతర్యుద్ధం రగులుతోంది, వెళ్ళే వీలు లేదు. కాబట్టి శాంతారాంను తప్పు పట్టలేం. చిత్రం కదిలించేదే. కాని నేడు చూసేవారికి కోట్నీస్ త్యాగం నిజమనిపించినంతగా ఆ చైనా నిజమనిపించదు.

ఈలోగా అబ్బాస్ సొంత ఊరే ఆయనకు పరాయి ఊరయింది. 1947 విభజనలో పానిపట్టు ముస్లింలు తరతరాల ఇళ్ళు విడిచి వెళ్ళారు. హాలీ తిరిగిన వీధుల్లో హాలీ బంధువులు లేకుండా పోయారు. అబ్బాస్ సరిహద్దు దాటలేదు, బొంబాయిలోనే ఉండిపోయారు. ఎవడు ఈ నేల వాడు, ఎవడు పరాయి వాడు అన్న ప్రశ్న ఆయనకు సినిమా కోసం వెతుక్కున్నది కాదు.

1951లో ‘నయా సంసార్’ పేరుతోనే సొంత సంస్థ పెట్టుకున్నారు. అదే ఏడాది ఆయన రచనతో రాజ్ కపూర్ తీసిన ‘ఆవారా’ వచ్చింది. 1954లో సోవియట్ యూనియన్‌లో జరిగిన భారతీయ చిత్రోత్సవానికి అబ్బాస్ మన ప్రతినిధి బృందంతో వెళ్ళారు. అక్కడ ‘ఆవారా’ను ఆరు కోట్ల మందికి పైగా చూశారని లెక్క. రష్యా ప్రేక్షకుడు భారతీయుడి ముఖాన్ని అంత ఇష్టంగా చూస్తున్నప్పుడు, భారతీయ ప్రేక్షకుడికి రష్యా ముఖం ఎందుకు చూపకూడదు? మాస్కోలోని మోస్‌ఫిల్మ్, బొంబాయిలోని అబ్బాస్ గారి చిన్న సంస్థ కలిసి సినిమా తీయడానికి ఒప్పందం కుదిరింది. ఒకటి ప్రభుత్వ స్టూడియో, రెండోది ఒక మనిషి మొండితనం మీద నడిచే సంస్థ.

ఆ చిత్రమే ‘పరదేశీ’. దీని కథ మన దక్కనుదే కనుక కాస్త ఆగి చెప్పుకోవాలి.

అఫనాసీ నికితిన్ రష్యాలోని త్వేర్ పట్టణపు వర్తకుడు. పదిహేనో శతాబ్దం మూడో భాగంలో, వాస్కో డ గామా కాలికట్ చేరడానికి పాతికేళ్ళకు ముందే, కాస్పియన్ సముద్రం దాటి, ఇరాన్ మీదుగా హోర్ముజ్ చేరి, అక్కడ నుంచి ఓడలో కొంకణ తీరంలోని చౌల్‌లో దిగాడు. అమ్ముకుందామని వెంట ఒక గుర్రాన్ని తెచ్చాడు. జున్నార్ అధికారి అసద్ ఖాన్ దాన్ని లాక్కుని, మతం మారితే గుర్రంతో పాటు బంగారం కూడా ఇస్తానని, లేకుంటే గుర్రమూ పోతుంది, జరిమానా కూడా పడుతుందని బెదిరించాడు. ఆ కష్టం నుంచి అతన్ని గట్టెక్కించినది ముహమ్మద్ అనే ఖొరాసానీ ముస్లిమే. నికితిన్ మతం మారకుండానే గుర్రం తిరిగి వచ్చింది. ఆ మంచి సంగతిని నికితిన్ తన పుస్తకంలో రాసుకున్నాడు.

అక్కడ నుంచి బహమనీల రాజధాని బీదర్‌కు వెళ్ళాడు. ఈ దేశంలో తనను ఖోజా యూసుఫ్ ఖొరాసానీ అని చెప్పుకుని తిరిగాడు. పరాయి నేల మీద ఆ నేలకు తగిన వేషం కట్టి, ఆ భాష మాట్లాడి నెట్టుకొచ్చిన మొదటి నటుడు ఒక రకంగా నికితినే. శివరాత్రి తిరునాళ్ళకు పర్వతం అనే క్షేత్రానికి కూడా వెళ్ళి వర్ణించాడు. అది మన శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. తిరిగి వెళ్తూ ఇల్లు చేరకుండానే స్మొలెన్స్క్ దగ్గర చనిపోయాడు. కాగితాలు మాత్రం వర్తకుల చేతుల మీదుగా మాస్కో చేరాయి. ఆ పుస్తకం రష్యన్‌లో మొదలై నడుమ నడుమ తురుష్క, ఫార్సీ, అరబీ మాటల్లోకి జారిపోతుంది. చివర ఉన్న దుఆ అరబీలో అల్లాహ్ నామాలతో ముగుస్తుంది. ఏళ్ళ తరబడి విన్న భాష ఒక క్రైస్తవ వర్తకుడి ప్రార్థనలోకి కూడా వచ్చి చేరింది.

ఆ నాటి బీదర్‌లో వజీరు మహమూద్ గవాన్. ఆయనా పరదేశీయే. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి రాజ్యానికే స్తంభమయ్యాడు. బీదర్‌లో 1472లో ఆయన కట్టించిన మదరసా శిథిలమై ఇప్పటికీ నిలిచి ఉంది. బహమనీ దర్బారు అప్పుడు రెండు ముక్కలు. ఇక్కడ పుట్టిన దక్కనీలు ఒక వైపు, బయటి నుంచి వచ్చిన ఆఫాకీలు మరో వైపు. ఆ కక్షల్లోనే, ఒక దొంగ ఉత్తరం సాక్ష్యంగా, 1481లో సుల్తాన్ గవాన్‌కు మరణశిక్ష వేయించాడు. వృద్ధుడైన వజీరు తల తెగిన తర్వాత రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు. ఈ గవాన్ జీవితాన్ని 1942లో ఇంగ్లీషు గ్రంథంగా వెలువరించినవారు మన ఉస్మానియా ఆచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ. 1953లో బహమనీల చరిత్ర మొత్తం రాసినదీ ఆయనే. బీదర్ అప్పుడు హైదరాబాదు రాజ్యంలో భాగం. అబ్బాస్ తెర మీదికి తెచ్చిన కాలాన్ని మన క్యాంపస్ అప్పటికే అక్షరాల్లో నిలబెట్టిందన్నమాట.

ఇక సినిమా. అబ్బాస్‌తో పాటు సోవియట్ దర్శకుడు వాసిలీ ప్రోనిన్ దర్శకత్వం వహించారు. కథనం కూడా అబ్బాస్, మారియా స్మిర్నొవా కలిసి రాశారు. సంగీతానికి ఇక్కడ నుంచి అనిల్ బిశ్వాస్, అక్కడ నుంచి బోరిస్ చైకోవ్‌స్కీ. నికితిన్‌గా ఎవరు? బొంబాయిలో తెల్లగా, పొడుగ్గా ఉన్న నటులకు కొదవ లేదు. గడ్డానికి రంగు వేస్తే సరిపోయేది. అబ్బాస్ అలా చేయలేదు. రష్యా నటుడు ఒలేగ్ స్త్రిజెనోవ్ వచ్చారు. దక్కను మనుషులుగా నర్గిస్, బల్‌రాజ్ సాహ్నీ, పద్మిని నిలిచారు. గవాన్ పాత్ర పృథ్వీరాజ్ కపూర్‌ది. రష్యా మంచు రష్యాలోనే, మన ఎండ మన దేశంలోనే తీశారు. హిందీ, రష్యన్ రెండు భాషల్లోనూ చిత్రం తయారైంది. 1957లో ఇక్కడ విడుదలై, 1958లో కాన్ చిత్రోత్సవం పోటీలో నిలిచింది.

చూసినవారికి తెలుస్తుంది, ‘పరదేశీ’ లోపాలు లేని చిత్రం కాదు. ఇద్దరు దర్శకులు, రెండు ప్రభుత్వాల మర్యాదలు. కథ అక్కడక్కడా స్నేహ సంఘం సభలా నడుస్తుంది. అయినా స్త్రిజెనోవ్ మన నేల మీద తెల్లబోయి నిలబడ్డ చోట ఆ తెల్లబోవడం నటనలా అనిపించదు. ఇంటి మీద బెంగ ముఖంలో కనిపిస్తుంది. ఆ బెంగను గడ్డం అతికించి తేలేం.

తరువాతి చిత్రాలను వేగంగా చెప్పుకోవచ్చు. 1963 నాటి ‘షహర్ ఔర్ సప్నా’ బొంబాయిలో ఇల్లు లేక పెద్ద నీటి గొట్టంలో కాపురం పెట్టిన జంట కథ. దానికి రాష్ట్రపతి స్వర్ణ పతకం లభించింది. 1965లో వచ్చిన ‘ఆస్‌మాన్ మహల్’ మన హైదరాబాదు కథ. జాగీర్లు పోయినా మహల్ అమ్మనని పట్టుబట్టే ముసలి నవాబుగా పృథ్వీరాజ్ కపూర్ కనిపిస్తారు. ఈ చిత్రాలేవీ డబ్బు తేలేదు. ఇతరులకు రాసి సంపాదించినది తన చిత్రాలకు పోసి పోగొట్టుకోవడం అబ్బాస్ గారి జీవితకాల వ్యాపారం.

ఉన్న చోటును ఉన్నట్టు చూపినందుకు ఆయన సుప్రీంకోర్టు మెట్లు కూడా ఎక్కవలసి వచ్చింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల్లో కలవారి వైభవాన్ని, లేనివారి బతుకును పక్కపక్కన పెట్టి 1968లో ‘చార్ షహర్ ఏక్ కహానీ’ అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. బొంబాయిలో స్త్రీల శరీరాలు అమ్ముడయ్యే వీధి దృశ్యాలకు సెన్సారు అభ్యంతరం చెప్పింది. అబ్బాస్ కోర్టుకు వెళ్ళారు. చిత్రానికి చివరకు అందరూ చూడదగ్గ సర్టిఫికెట్ దక్కింది. కాని 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఇచ్చిన తీర్పు, సినిమాకు ముందస్తు సెన్సారు రాజ్యాంగ సమ్మతమేనని తేల్చింది. భావప్రకటన స్వేచ్ఛ గురించి చదివే న్యాయశాస్త్ర విద్యార్థులెవరూ నేటికీ ఈ కేసును దాటి పోలేరు.

ఇప్పుడు 1969 నాటి ‘సాత్ హిందుస్తానీ’. పోర్చుగీసు పాలనలో ఉన్న గోవాలోకి ఏడుగురు చొరబడి జాతీయ జెండా ఎగరేసే కథ. గోవాకు 1961 డిసెంబరులో గాని విముక్తి రాలేదు కనుక, కథా కాలంలో అది మనకు విదేశమే. అబ్బాస్ అలవాటు ప్రకారం చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని గోవాకే వెళ్ళారు. డబ్బు లేదు. నటులు నేల మీదే పక్కలు పరచుకున్నారు. స్థలం విషయంలో పాత పట్టుదలే. మనుషుల విషయంలో మాత్రం అంతా తలకిందులు చేశారు.

బెంగాలీ అయిన ఉత్పల్ దత్‌కు పంజాబీ రైతు పాత్ర. కేరళ నటుడు మధుకు బెంగాలీ పాత్ర. ఉర్దూ కవి, బీహారీ ముస్లిం అన్వర్ అలీగా వేసినది అలహాబాదు నుంచి వచ్చిన, ఎవరికీ తెలియని సన్నటి పొడుగు కుర్రాడు అమితాబ్ బచ్చన్. ప్రతిఫలం అయిదు వేల రూపాయలు. నిజంగానే అన్వర్ అలీ అనే పేరున్న నటుడు, హాస్యనటుడు మెహమూద్ తమ్ముడు, ఉర్దూ పొడ గిట్టని హిందీ పండితుడు శర్మ పాత్రలో కనిపిస్తాడు. పొరపాటున జరిగినది కాదిది. ఎవరి ప్రాంతం పాత్ర వారికి రాకుండా అబ్బాస్ ఏరి ఏరి ఇచ్చారు. ఈ చిత్రానికి జాతీయ సమైక్యతా పురస్కారం, పాటలకు కైఫీ ఆజ్మీకి జాతీయ బహుమతి వచ్చాయి. అబ్బాస్‌కు అదే ఏడాది పద్మశ్రీ. ఏడుగురిలో తెలుగు పాత్ర ఒక్కటీ లేకపోవడం మాత్రం మనకు కొంచెం గుచ్చుకుంటుంది.

రష్యా వాడి కోసం రష్యాకు వెళ్ళినవాడు, పంజాబీ కోసం పంజాబ్‌కు ఎందుకు వెళ్ళలేదు? పన్నెండేళ్ళలో మాట మార్చారని కొందరంటారు. నాకలా అనిపించదు. పరాయి దేశపు మనిషిని మనమే వేషం కట్టి చూపితే అతని నోరు మనం మూసినట్టే. అందుకని అతన్నే పిలవాలి. కాని ఈ దేశంలోపల ఒక హిందుస్తానీకి ఇంకో హిందుస్తానీ పరదేశీ కాడు. ముఖం చూసి, పేరు చూసి, నువ్వు ఇంత మాత్రమే కాగలవని గీత గీయడానికి వీల్లేదు. పానిపట్టు పోగొట్టుకున్న మనిషికి ఈ తేడా బాగా తెలుసు.

మన తెలుగు తెరకు ఈ తేడా తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలుగు సినిమాలో సాయిబు అంటే ‘నాకీ, నీకీ’ అంటూ క్రియలు తప్పే మనిషి. బిర్యానీ వాడు, మాంసం కొట్టు వాడు, లేకుంటే తలకు గుడ్డ కట్టిన రౌడీ. ఉర్దూ ఇళ్ళ నుంచి వచ్చిన వారి తెలుగులో ఆ యాస కొంత ఉన్నమాట నిజమే. అది తప్పూ కాదు, నవ్వులాటా కాదు. కాని తెలుగే ఇంటి భాషగా గల మన కుటుంబాల సంగతేమిటి? దూదేకుల వారింట్లో తాతముత్తాతల నుంచి జోల పాడినదీ తెలుగులోనే, తగవు పడినదీ తెలుగులోనే. గుంటూరు పల్లెలో పుట్టి ఆ మట్టి యాసలో మాట్లాడే అబ్బాయిని, ఇంత చక్కని తెలుగు ఎక్కడ నేర్చుకున్నావని కాలేజీలో తోటివారు మెచ్చుకోలుగా అడుగుతారు. ఆ మెప్పుకు ఏమని బదులు చెప్పాలో వాడికి తెలియదు. తెర మీద ‘నాకీ, నీకీ’ సాయిబును నలభై ఏళ్ళు చూసిన వారి ప్రశ్న అది. సొంత భాషలోనే వాడు పరదేశీ అయ్యాడు.

వేరే దారి ఉందని చూపినవారూ లేకపోలేదు. 1979 నాటి ‘మా భూమి’ని తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ, తెలుగు ఆయన భాష కాదు. ఆ కథకు ఆధారం కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల. అయినా కెమెరాను తెలంగాణ పల్లెల్లోకి మోసుకుపోయి, ఆ యాస మాట్లాడే మనుషులను నిలబెట్టడం వల్ల అది పరాయి వాడు తీసిన చిత్రంలా ఉండదు. అబ్బాస్ గారి తరం వేసిన దారే అది.

చివరి సంవత్సరాల్లో అబ్బాస్ ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. కాళ్ళు సహకరించకపోయినా చిత్రాలు తీయడం, వారం వారం శీర్షిక రాయడం మానలేదు. ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో డెబ్బైకి పైగా పుస్తకాలు వెలువరించారు. 1987 జూన్ 1న, 73వ పుట్టిన రోజుకు ఆరు రోజుల ముందు, బొంబాయిలో కన్నుమూశారు. ఆయన తీసిన ఆఖరి చిత్రం ‘ఏక్ ఆద్మీ’ మరుసటి ఏడాది విడుదలైంది.